మగ్గానికి ఆమె వైపు

“ఎంత ఓపిక పాపం! పదేండ్లు గంత బీమారి మోసింది. ఒక్కనాడన్న నోరు తెరిచి ఒక మాటనలే,” అన్నది ఎదురింటామె, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

అది మా వదిన పోయిన పదకొండో రోజు. మా ముందరి గదిలో జంపఖానా పరిచి వాడలోని ఆడవాళ్లను కూర్చోబెట్టాం. అందరూ అవునవునని తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పే మర్యాద నాకూ తెలుసు, కానీ దానికీ ఒక హద్దుండాలి. మా వదినకు ఓపికా? ఆమె నోరు తెరవలేదా? ఆ నోటికి జడిసి పాలవాడు మా గుమ్మం ముందు సైకిలు దిగకుండానే గిన్నెలో పాలు పోసి పోయేవాడు.

ముందే చెప్పేస్తాను. ఆమెకు నేనంటే పడదు. నాకు ఆమె అంటే అంతకన్నా పడదు. పదేళ్లు మగ్గం ముందు ఒకే చెక్క పలక మీద భుజం భుజం తగిలేలా కూర్చుని జంపఖానాలు నేశాం కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు వాడ మొత్తంలో నాకొక్కదానికే ఉంది.

ఆమె మా ఆయనకు పెద్దక్క. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రెండో ఏడు, డెబ్బై ఆరులో అనుకుంటాను, వర్ధన్నపేట బస్సు దిగి ట్రంకుపెట్టెతో మా గుమ్మంలో నిలబడింది. టీబీ అని తెలిసి అత్తగారింటివాళ్లు పంపించేశారు. ఏడుస్తుందేమో, ఎలా ఓదార్చాలా అని నేను తడబడుతున్నాను. ఆమె పెట్టె కింద పెట్టి, లోపలున్న మగ్గం వైపు చూసింది.

“కుడిదిక్కు ఎవ్వలు కూసుంటాన్రు?” అన్నది.

“నేనే వదినె.”

“ఎడమకు జరుగు.”

అంతే. మంచినీళ్లు కూడా తర్వాతే అడిగింది.

మా వరంగల్లులో వెడల్పు జంపఖానాకు మగ్గం మీద ఇద్దరుండాలి. అది ఒక్కరి చేతికి అందే పని కాదు. నూలు చుట్టిన కండెను కుడివైపామె సగందాకా తోస్తే ఎడమవైపామె అందుకుని అంచుదాకా లాగుతుంది. తర్వాత ఎవరి సగాన్ని వాళ్లు పంజాతో కొట్టాలి. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన. గట్టిగా కొడితే పోగు కిందికి దిగి బిగుసుకుంటుంది. ఇద్దరి దెబ్బా సమానంగా ఉంటేనే రంగు చారలు తిన్నగా వస్తాయి. ఒకరు మెత్తగా కొడితే వాళ్ల వైపు నేత వదులై ముందుకు పోతుంది, చార ఏటవాలుగా పడుతుంది. ఎవరి చెయ్యి ఎలాంటిదో దాచుకునే వీల్లేని పని అది.

మా ఆయన మిల్లుకు పోయేవాడు కాబట్టి మగ్గం మా ఇద్దరి నెత్తినే పడింది. మొదటిరోజు నేను భయంతో కొంగు మూతికి కట్టుకుని కూర్చున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“నీ మూతికి గాదే, నా మూతికి కట్టాలె,” అని తన కొంగు తానే కట్టుకుంది. అది మంచితనమనుకుని నేను మెత్తబడేలోపే, “నీకు గిన అంటుకుంటె నా కండె అందుకునేటోళ్లెవ్వలు?” అన్నది.

ఆమె గ్లాసు వేరు. ఎవరూ వేరు చెయ్యకముందే ఆమే చేసుకుంది. అడుగున మేకుతో గీత గీసి, గూట్లో పెట్టుకుంది. ఒకసారి ఎదురింటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటే ఎదురింటామె మంచినీళ్లు తెచ్చిచ్చింది. “గ్లాసు తెచ్చుకోలే,” అన్నది వదిన. “అయ్యో, మన దాంట్ల మనకేంది? మా గ్లాసుల తాగు,” అన్నదామె, నలుగురూ వినేటట్టు. వదిన గటగటా సగం తాగి గ్లాసు ఆమె చేతికే ఇచ్చింది.

“ఇగ మిగిలినయి నువ్వు తాగు.”

ఎదురింటామె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వదిన కదలలేదు. చివరికి ఆమె నీళ్లు చెట్టు మొదట్లో పోసి లోపలికి పోయింది. “పారవోసేదానివైతే మొదాలే చెప్పొద్దా? నా గ్లాసు నేను తెచ్చుకోకపోదునా?” అని వాడంతా వినేటట్టు అరిచి మరీ వచ్చింది వదిన. ఆ తర్వాత నెల రోజులు ఎదురింటివాళ్లు నాతో కూడా మాట్లాడలేదు. ఆమెకేం, మగ్గం మీద నుంచి లేవదు. బోరింగు దగ్గర బిందెతో నిలబడేది నేను.

పరామర్శకు వచ్చేవాళ్లను కూడా వదిలేది కాదు. బత్తాయిలు తెచ్చి, గొంతు తగ్గించి, “ఎట్లున్నదమ్మా?” అనగానే వాళ్ల ఒళ్లో నూలు చిలప పడేసేది. “ఊకె కూసుంటె ఏమొస్తది? జర ఈ కండెలు చుట్టు.” కడుపులో బాధంతా మొహంలోకి తెచ్చుకుని వచ్చిన మనిషి గంటసేపు కండెలు చుట్టి చేతులు నొప్పెట్టి లేచిపోయేది. రెండు నెలల్లో పరామర్శలు ఆగిపోయాయి. బత్తాయిలూ ఆగిపోయాయి.

పొద్దున్నే సూదిమందుకు దవాఖానకు పోవాలి. తోడు నేను. అక్కడ కాగితం పట్టుకుని పిలిచే ఆయన తలెత్తకుండా, “టీబీ! ఎవ్వలు టీబీ?” అనేవాడు. మొదటిరోజే వదిన బల్ల మీద రాయిలా కూర్చుంది. నేను మోచేత్తో పొడిచాను. కదల్లేదు. మూడోసారి ఆయనే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“నువ్వే గద? చెవులు వినవడవా?”

“కాయితంల పేరు రాసుకున్నవ్ గద. సదువు.”

వెనక వరసలో ఉన్నవాళ్లు తిట్టడం మొదలుపెట్టారు. ఆయన వెటకారంగా ఆమె పేరు చదివి చివర గారు అని సాగదీశాడు. “గారు నేనడుగలే,” అని లేచి, చెయ్యి చాపి సూది వేయించుకుంది. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి ఆయన పేరు పెట్టే పిలిచాడు, కానీ మమ్మల్ని ఆఖరుకు పిలిచేవాడు. ఆ ఆలస్యానికి ఎండలో నడిచొచ్చేది ఆమె ఒక్కతే కాదు కదా.

ఆమె మొగుడు ఒకే ఒక్కసారి వచ్చాడు. సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు. వాకిట్లోనే నిలబడి, “మొత్తం నయమైనంక తీస్కపోత,” అన్నాడు.

“ఊపిరితిత్తుల సంగతి దవాఖానోళ్లు జూసుకుంటాన్రు,” అన్నది వదిన మగ్గం దిగకుండానే. “మిగిలిందాన్ని ఇప్పుడే తోల్కపోతవా?”

అతను సైకిలు గంట సర్దుకున్నాడు.

“నా చేతులున్నయి. కండ్లున్నయి. నోరున్నది. మిగిలింది మస్తున్నది. దాంట్ల నీకేం పనికొస్తదో నువ్వు సోంచాయించుకో.”

అతను సైకిలు తిప్పుకుని పోయాడు. వినడానికి ఇది గొప్పగానే ఉంటుంది. ఇంట్లో ఉండేవాళ్లను అడగాలి. ఆ వారమంతా నా కూరలో ఉప్పు ఎక్కువ, నా నడకలో చప్పుడు ఎక్కువ, మా పుట్టింటివాళ్లకు తెలివి తక్కువ. మొగుడి మీద కోపమంతా పంజాతో కొట్టి, మిగిలింది నా మీద తీర్చుకుంది.

సూదిమందులు మొదలైన మూడో నెలకు ఆమె బాగా చిక్కిపోయింది. పంజా ఎత్తుతుంటే చెయ్యి వణికేది. ఎరుపు, నీలం చారల జంపఖానా ఒకటి అప్పుడే మొదలుపెట్టాం. నాలుగు చారలకే ఆమె వైపు ముందుకు పోతోందని నాకు తెలిసిపోయింది. మా సరుకు కొనే చేనేత సొసైటీవాళ్లు వంకరగా ఉంటే తీసుకోరు. ఆమెతో చెబితే గొడవ. అందుకని నేను నా వైపు కూడా మెత్తగా కొట్టడం మొదలుపెట్టాను. ఆమె ఎంత కొడితే నేనూ అంతే. చారలు చక్కగా తిన్నబడ్డాయి. ఆమె మీద జాలితోనే ఆ పని చేశానని అప్పుడు అనుకున్నాను, లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నిజానికి ఆమె నోటికి జడిసి చేశాను.

పది రోజులు బాగానే గడిచింది. పదకొండో పొద్దున దవాఖాన నుంచి రాగానే ఆమె మగ్గం ముందు నిలబడి తన సగాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు దిగింది. తర్వాత ఇటు జరిగి నా సగాన్ని నొక్కింది. అక్కడా దిగింది. తిరిగి నా మొహం చూసింది.

“నా దిక్కు వదులున్నదంటె నా చేతుల సత్తువ లేదు. నీ దిక్కెందుకే వదులున్నది? నీకేం రోగం?”

“చారలు వంకర పోతయని...”

“పోనియ్యి.”

“సొసైటోళ్లు తీసుకోరు వదినె.”

“తీసుకోకపోతె నా దిక్కు జూసి తీసుకోరు. నా పేరు జెప్పు. నా దెబ్బ ఎంతున్నదో నాకు కనవడాలె. నువ్వు సుత మెత్తగ కొడితె నేను మంచిగనే ఉన్ననని అనుకుంట. పది దినాల సంది గట్లనే అనుకుంటాన్న! నన్ను పిచ్చిదాన్ని జేస్తానవా?”

ఆమె గొంతు పగిలింది. పదేళ్లలో నేనా గొంతు పగలడం విన్నది ఆ ఒక్కసారే. ఏడుపేమో అనుకున్నాను, కానీ ఆమె గూట్లోంచి బ్లేడు తీసి అంచు దగ్గర ముడి కోసింది.

మూడు రోజులు విప్పాం. పోగు ఇద్దరి సగాల్లోంచీ పోతుంది కాబట్టి ఆమె లాగితే నేను వదలాలి, నేను లాగితే ఆమె వదలాలి. పది రోజుల పని అంతా మళ్లీ ఉండలై మా కాళ్ల దగ్గర పడింది. మధ్యలో ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. “ఇగ సాలు, పండుకో,” అంటే, “ఈ చార అయినంక,” అనేది. మా ఆయన మిల్లు నుంచి వచ్చి మగ్గం మీద ఉత్త పడుగు పోగులు చూసి గుండెలు బాదుకున్నాడు.

“ఏందక్కా ఇది?”

“నీ పెండ్లాన్నడుగు.”

ఆయన నన్నే అడిగాడు, అరుపులతో. ఆమె పక్కన కూర్చుని తలదువ్వుకుంది. ఆ సాయంత్రం ఆమె చచ్చిపోతే బాగుండునని నేను అనుకున్నాను. ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

ఆ కసితోనే మర్నాటి నుంచి నేను నా బలమంతా పెట్టి కొట్టాను. అడిగింది కదా, చూడనీ అనుకున్నాను. మూర నేసేసరికి ఆమె వైపు నాలుగు వేళ్లు ముందుకు పోయింది. ఎర్ర చార వాలిపోయి కనిపిస్తోంది. ఆమె రోజూ పొద్దున్నే ఆ వాలును వేళ్లతో కొలిచేది. నాలుగు. మళ్లీ నాలుగు. ఒకరోజు నాలుగున్నర. బొట్టు పెట్టుకుని, కొంగు మూతికి కట్టుకుని వచ్చి కూర్చునేది.

ఆ తర్వాత పద్ధతి మార్చింది. కండె తోసి, ఆగి, దగ్గొస్తే పూర్తిగా దగ్గి, ఊపిరి తీసుకుని, పంజాను రెండు చేతులతో పట్టుకుని అప్పుడు కొట్టేది. ఒక్కో పోగుకు అంతసేపు. ఆమె కొట్టేదాకా నేను పంజా పట్టుకుని ఖాళీగా కూర్చోవాలి. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. “జర జల్ది కానియ్యి వదినె,” అంటే, “తొందరుంటె లేచి పో. కుడిదిక్కు నాది, నేను ఆగుత,” అనేది. ఆమె దగ్గు ఎన్ని తెరలు వస్తుందో, ఏ తెర తర్వాత దెబ్బ పడుతుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఆ జంపఖానా చివరి మూరకు వచ్చేసరికి చారలు సర్దుకున్నాయి. వాలింది తిన్నబడాలంటే ఒకటే దారి. ముందుకు పోయిన వైపు కూర్చున్న మనిషి రెండో మనిషి కంటే గట్టిగా కొట్టాలి. అంటే ఆ రోగిష్టి మనిషి నాకంటే గట్టిగా కొట్టింది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, జ్వరం కూడా ఎరగను. అది నాకు ఎంత అవమానంగా అనిపించిందో చెప్పలేను.

సొసైటీలో దాన్ని తీసుకోలేదు. మొదటి సగం వంకరన్నారు, న్యాయమే. ఆమె దాన్ని తెచ్చి ముందరి గదిలో పరిచింది. ఎవరైనా ఇదేంటి ఇలా వాలిందని అడిగితే కాలితో చూపించేది. “గీడ వంకర నాది. గాడ సర్దుకున్నది సుత నాదే.”

మందులన్నీ వేసుకుంది. ఎనిమిదేళ్లు తిరిగింది, నేసింది, తిట్టింది. ఒంట్లో బాగున్నప్పుడు నోరు ఇంకా బాగుండేది. ఎనభై ఆరు చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులు పని చెయ్యలేదు. పోయే ముందురోజు దవాఖానకు జావ తీసుకుపోయాను. రెండు చెంచాలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

“నా దిక్కు ఎవ్వలను కూసోపెడ్తవ్?”

“ఎవ్వల్ని గాదు. నువ్వే వస్తవ్.”

“అబద్ధాలు నీకు రావు, ఆడకు. ఎదురింటామెను కూసోపెట్టు, దాని చెయ్యి మంచిది. నీ దెబ్బనే జర జూస్కో. నేను పక్కనుంటెనే కోపానికి గట్టిగ కొడ్తవ్ నువ్వు.”

నాకు కళ్లలో నీళ్లొచ్చే సమయానికి కూడా కోపమే తెప్పించింది. “సచ్చేటప్పుడు సుత గిదేనా వదినె?” అనేశాను. పక్క మంచం వాళ్లు బిత్తరపోయి చూశారు. ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గి, ఊపిరి తీసుకుని, “మరేం జెప్పాలె?” అన్నది. తెల్లారి ప్రాణం పోయింది. నేను ఏడవలేదు. ఆ సంగతి వాడలో చాలామంది గమనించారు.

పదకొండో రోజు ఎదురింటామె ఓపిక అనగానే నేను ఊరుకోలేదు.

“అక్కా, నువ్వు కూసున్న చార జూడు,” అన్నాను.

ఆమె కొంచెం జరిగి చూసింది. “వంకరున్నది.”

“కొసదాక జూడు.”

ఇంతలో భోజనాలకు పిలిచారు. ఆమె చూడకుండానే లేచిపోయింది.

రెండు నెలల తర్వాత ఆమే వచ్చి కుడివైపు కూర్చుంది. చెయ్యి మంచిదే, వదిన చెప్పినట్టే. మూర నేశాక చూస్తే చార వాలింది. ఆమెదే తప్పనుకుని నోటిదాకా మాట తెచ్చుకుని, ఎందుకైనా మంచిదని బొటనవేలితో నొక్కి చూశాను. ఆమె వైపు గట్టిగా ఉంది. నా వైపు వేలు దిగింది.

ఎందుకో నాకు తెలుసు. కండె అందుకుని అంచుదాకా లాగాక నా చెయ్యి ఆగుతోంది. పక్క నుంచి దగ్గు రావాలి, మూడు తెరలు, ఊపిరి, అప్పుడు దెబ్బ. దగ్గు రావడం లేదు. అది రాదని గుర్తొచ్చేసరికి చేతిలో సత్తువ పోతోంది. ఆమె లేదని నాకు దుఃఖంగా ఉంది. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికి నా సగం జంపఖానా వదులు కావలసి వచ్చింది.

అయినా ఎవరితోనూ అనలేదు. నాలుగైదు రోజుల్లో చారలు వాటంతటవే తిన్నబడ్డాయి. చెయ్యి కుదురుకుందని సంతోషపడ్డాను, బాగయ్యానని అనుకున్నాను. వారం పోయాక ఒక పొద్దున ఊరికే కుడివైపు బొటనవేలు పెట్టాను. దిగింది.

“అక్కా, నీ దిక్కు వదులెందుకున్నది?”

ఎదురింటామె నా భుజం మీద చెయ్యి వేసింది. “నువ్వు దుఃఖంల ఉన్నవ్ గద పాపం. చెయ్యి ఆడుతలేదు నీకు. నేనే జర మెత్తగ కొడ్తాన్న. నువ్వేం ఫికర్ చెయ్యకు.”

ఆమె మంచిదే. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఒక్క నిమిషం, అలాగే కానీ అక్కా అనాలనిపించింది. ఎవరూ ఏమీ అనరు, చారలు చక్కగా వస్తాయి, సొసైటీవాళ్లు తీసుకుంటారు. నేను బాగానే ఉన్నాననుకుంటూ ఎన్నేళ్లయినా నేయొచ్చు. నేను లేచి గూట్లోంచి బ్లేడు తీశాను.

“విప్పుదాం.”

“ఎందుకే? చారలు సక్కగనే ఉన్నయి గద!”

“నా దిక్కు వంకర పోతె పోనియ్యి. నువ్వు గట్టిగ కొట్టు.”

ఆమె నన్నూ బ్లేడునూ మార్చి మార్చి చూసింది. నా భుజం మీది చెయ్యి ఎప్పుడో తీసేసింది. “అచ్చం మీ వదినె బుద్ధే వచ్చింది నీకు,” అన్నది ఏవగింపుగా.

ఆ మనిషితో నన్ను పోలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. ఎదురింటామె తన వైపు వదిలేదాకా ఆగి, నేను మొదటి పోగు లాగాను.